అట్ట మీది లెక్క

మలక్‌పేటలో, వానకు అందరికంటే ముందు మునిగే గల్లీలో
నూరుద్దీన్ రిపేరు దుకాణం.
ఆదివారం షట్టరు సగం దించితే
లోపల మేం ఐదుగురం, రెండు రిమోట్లు,
మూతి దగ్గర ఊదితే గానీ బతకని పాత క్యాసెట్లు.

పందెం పెట్టింది ఫిలోమినా.
"కొన్న ఆటలు సగంలో వదిలేస్తాం, సరే.
కొన్న పుస్తకాలు అసలు మొదలే పెట్టం.
ఈ ఏడాది మనిషికి పన్నెండు."
టీవీ వచ్చిన డబ్బా చింపి, అట్ట మీద గళ్లు గీసి
మా పేర్లు రాసి గోడకు మేకు కొట్టింది.
ఆఖరున మిగిలినోళ్లు జనవరంతా చాయ్ బిల్లు కట్టాలి.
గెలిచినోళ్లకు ఏమీ లేదు,
ఎర్ర రిమోటు తప్ప. దాని మీట ఒక్కటీ ఇరుక్కోదు.

నియమాలన్నీ తగాదాల్లోంచి పుట్టినవే.
పంచాంగం లెక్కలోకి రాదు.
కుక్కరుతో ఉచితంగా వచ్చిన వంటల పుస్తకం రాదు
(అది నేనే, మార్చిలో, ఒప్పుకుంటున్నా).
జోగేందర్ ఒకే ఆటలో నూట పది గంటలు
ఊరూరా తిరిగి ప్రతి ముసలామె మాటా చదివాడట,
మూడు పుస్తకాల కింద రాయమన్నాడు.
ఇరానీ చాయ్ రెండుసార్లు చల్లారాక
సగం ఇచ్చాం.

అప్పట్నుంచి నా మెట్రో మారిపోయింది.
ఎల్బీనగర్‌లో ఎక్కితే అమీర్‌పేటకు ఒక అధ్యాయం.
కథ బాగుంటే ఎర్రమంజిల్ ఎప్పుడు పోయిందో తెలీదు,
బాగోకపోతే ప్రతి స్టేషనూ పేరు చెప్పి మరీ వస్తుంది.
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక నవల్లో
ఎవరిదో పెళ్లి శుభలేఖ దొరికింది, నలభయ్యో పేజీలో.
ఆ పిల్ల అక్కడే ఆపేసిందేమో.
సేవ్ చేసి
మళ్లీ రాని ఆట.

అక్టోబరుకి ఫిలోమినాకి ముప్పై ఒకటి,
జోగేందర్‌కి పదకొండున్నర, ఐలేష్‌కి తొమ్మిది,
నాకు పద్నాలుగు, కుక్కరు కాక.
నూరుద్దీన్ గడి ఖాళీ.
ఎవరం అడగలేదు.
చదివింది ఉర్దూ మీడియం, ఏడో తరగతి దాకా.
కుడి నుంచి ఎడమకు అలవాటైన కళ్లు,
బస్సు బోర్డుల్ని బొమ్మల్లా గుర్తుపట్టి తిరిగిన మనిషి.
"ఉర్దూలోనే చదువు భాయ్, ఏదైనా పుస్తకమే" అంటే
"అది నేను దాటిన లెవెలే కదా" అన్నాడు
సోల్డరింగ్ పొగలోంచి.

డిసెంబరు ముప్పై ఒకటి. బయట పటాకులు.
కౌంటరు మీద అరవై నాలుగు పేజీల పిల్లల పుస్తకం,
నత్తను పెంచుకున్న ఒక దర్జీ కథ.
స్క్రూడ్రైవరు మొన అక్షరాల కింద జరుపుతూ
పైకి చదువుతున్నాడు నూరుద్దీన్.
ఐదు నెలలుగా ఇదేనట. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు
పక్క జిరాక్సు షాపు పిల్ల గుణింతం దిద్దించిందట.
ఆఖరి పేజీలో 'తీక్ష్ణంగా' దగ్గర ఆగాడు.
క కింద ష, ష కింద ణ,
మూడంతస్తుల అక్షరం.
"ఇగో, వీడే బాస్."
ఐలేష్ నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.
ఆటలో మేం ఎప్పుడూ అరిచే మాటే, "చెప్పకుర్రి!"
తీక్... పోయాడు.
తీష్ణ... మళ్లీ పోయాడు.
మూడోసారి దాటాడు.

కథ అయిపోయింది. బొటనవేలు పేజీ మీద
నొక్కి పట్టుకునే ఉన్నాడు, ఇంకేదో తెరుచుకుంటుందన్నట్టు.
తర్వాత వెనక అట్ట తిప్పి
ప్రెస్సు పేరు, వీధి పేరు, ప్రతులు వెయ్యి,
వెల అరవై రూపాయలు,
అన్నీ చదివాడు.
ఆట ముగిసి పేర్లు పైకి పోతుంటే
ఎవరం లేవం కదా,
అట్లే ఎవరం లేవలేదు.

గడిలో ఒక్క గీత, తనే గీసుకున్నాడు.
జనవరి చాయ్ బిల్లు అతనిదే.
వద్దులే అని ఎవరం అనలేదు.
అంటే తన్నేవాడు.