పొట్టి తలుపు

సెమరాంగ్ రేవు వెనక వీధిలో
ఆమె బొమ్మ గీస్తుంటే గొడుగు పట్టేవాణ్ణి.
గంటకి ఐదు వేల రూపియా,
పైన ఒక వేయించిన అరటిపండు.
పేరు గోడెలీవ్, ఊరు గెంట్ అంది.
మా నోళ్లకి తిరక్క
న్యోన్యా పెన్సిల్ అనేవాళ్లం.

పంచదార కంపెనీ దొరలు కట్టిన ఇల్లు మాది.
మాది అంటే, ఆరు కాపురాలది.
ఆమె కాగితం మీద ఎవరిదీ కాదు.
కరెంటు తీగల్లేవు, ఆరేసిన లుంగీల్లేవు,
మేకుకి వేలాడే మామయ్య హెల్మెట్టూ లేదు.
పెంకులు మాత్రం లెక్క తప్పకుండా వచ్చాయి,
ఎప్పుడో విరిగినవి కూడా అతుక్కుని.

మూడో రోజు ఆమెకి కోపమొచ్చింది, ఇంటి మీద.
పెన్సిల్ చాపి, ఒక కన్ను మూసి
కొలిచింది, చెరిపింది, మళ్లీ కొలిచింది.
పుస్తకం చూసి నేర్చుకున్న మా భాషలో
"ఇంతలేసి కిటికీల మధ్య
ఇంత పొట్టి తలుపు ఎవరు పెడతారు?" అంది.
నేను గొడుగు చెయ్యి మార్చుకున్నాను.

అల్లం నీళ్ల గ్లాసు పక్కన పెడుతూ
అమ్మమ్మ వార్సిని చెప్పింది, జావా భాషలో:
"సముద్రం ఇంట్లోకొచ్చినప్పుడల్లా నేల ఎత్తుకుంటూ వచ్చాం.
నా పెళ్లికి ఇటుక ముక్కలు పోశారు.
తర్వాత రెండుసార్లు కంకర.
వీడి తాత పోయిన డబ్బుల్తో సిమెంటు.
తలుపు పొట్టిది కాదమ్మా,
దాని కాళ్లు కిందున్నాయి.
దొరలు టోపీ తియ్యకుండా వచ్చిన గుమ్మంలో
మేం వంగి తిరుగుతున్నాం."

నేను సగమే తెలియజెప్పాను.
మిగతా సగానికి
మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

ఆ సాయంత్రం ఆమె గొడుగు వద్దంది.
తడినేల మీదే కూర్చుని
వీధి గీతకి కింద, ఖాళీ కాగితంలోకి,
తలుపు కాళ్లు గీసింది.
నాలుగు నేలలు, ఒకదాని కింద ఒకటి.
అన్నిటికన్నా అడుగున
నేను ఎన్నడూ తొక్కని మూడు మెట్లు.
ఈసారి లుంగీలు కూడా ఆరేసింది.

వెళ్తూ వెళ్తూ అమ్మమ్మకిచ్చేసింది.
ముంపుకి అందకూడదని
కుర్చీ ఎక్కి మేకు కొట్టింది ముసల్ది,
నేను మునివేళ్ల మీద లేచినా తాకలేనంత పైన.

ఇప్పుడా బొమ్మ నా ఛాతీకి సరిగ్గా ఉంది.
మేకు అదే, గోడ అదే.
చూసినవాళ్లు
ఎంత ఎదిగిపోయావురా అంటారు.
కొంత నిజమే.