అప్పగింత

ఎర్ఖెం, ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి.
కింద అట్టముక్క పెట్టాను, తీయకు.
కిటికీ పక్క బీరువాలో ఇరవై రెండు ఫైళ్ళు.
తాళంచెవి టీ డబ్బాలో. టీ ఉండదు, కొనుక్కోవాలి.

రేపు కంపెనీ వాళ్ళొస్తారు,
గోడకి పొడుగాటి కాగితం అంటిస్తారు.
రంగురంగుల పట్టీలు
ఒకదాని తోక ఒకటి పట్టుకుని
టెండరు దాకా నడిచి ఉంటాయి.
మన పని ఆకుపచ్చ పట్టీ. మూడు వారాలు.
మూడే ఎందుకని అడుగు.
నవ్వుతూనే అడుగు, కానీ రాసుకో,
ఎవరు ఏం చెప్పారో, ఏ తేదీనో.

నేను అడగలేదు.

అది నా మూడో ప్రాజెక్టు. రైలు కట్ట,
గని నుంచి సరిహద్దు దాకా, రెండువైపులా కంచె.
అనుమతి కాగితం నానా బల్లలూ తిరిగి
అక్టోబరు చివర్లో చేతికొచ్చింది.
డీజిలు డబ్బు డిసెంబరుతో మురిగిపోతుందన్నారు.
వెళ్ళాం. ఇద్దరం, ఒక జీపు, తొమ్మిది రోజులు.
గోబీ గాలికి అడుగుజాడ పూటయినా నిలవదు.
నోటుబుక్కులో నిజమే రాశాను:
"ఈ తొమ్మిది రోజుల్లో, ఈ దారిలో,
మాకు ఖులాన్లు కనబడలేదు."

(అడవి గాడిదలు, అని అనువాదకుడు అనగానే
విదేశీ ఇంజనీర్లలో ఎవరో ఒకరు నవ్వుతారు.
ఆగు. నవ్వు అయిపోయాక మొదలుపెట్టు.)

రెండో ప్రతిలో "తొమ్మిది రోజుల్లో" పోయింది,
వాక్యం పొడుగైందని.
నాలుగో ప్రతిలో "మాకు" పోయింది,
నివేదికలో మనుషులుండకూడదని.
ఆరో ప్రతిలో, ఎవరి చెయ్యో ఇప్పటికీ తెలీదు,
"కనబడ" రాలిపోయింది, "లేదు" మిగిలింది.
ఏడో ప్రతిలో వ్యాకరణం సరిదిద్దారు:
ఈ దారిలో ఖులాన్లు లేవు.
కింద నా సంతకం. నీలి సిరా.

మరుసటి జూన్‌లో బావుదోర్జ్ ఫోను చేశాడు.
ఒంటెబొచ్చు తాడుతో బావి లోతు కొలిచే మనిషి.
మా సభకు పిలవాల్సిన జాబితాలో పేరు ఉండీ
పిలుపు అందని మనిషి.
నీళ్ళున్నచోట ఉండేవాడికి ఇంటి నంబరేముంటుంది?
తిట్టలేదు.
"నిండు చూడిది ఒకటి," అన్నాడు,
"మూడు రోజులుగా కంచె వెంటే నడుస్తోంది.
చెలమ అవతలుంది.
నీ కాగితంలో ఇవి లేవటగా.
మరి నేను చూస్తున్నదేమిటో చెప్పు."

చెప్పలేకపోయాను. ఫోనూ పెట్టెయ్యలేదు.
చాలాసేపు అటునుంచి గాలి వినబడింది.

అడుగు సొరుగులో నా క్యాలెండరుంది.
అది జనవరితో మొదలవదు,
ఖులాన్లు ఈనే నెలతో మొదలవుతుంది.
అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టు:
జీపు ఎప్పుడు, డీజిలు ఎప్పుడు,
అర్జీ ఏ బల్ల మీద ఎన్నాళ్ళు నిద్రపోతుంది,
బావుదోర్జ్‌కి కబురెప్పుడు.
ఉత్తరం వద్దు. ఉప్పు తోలే లారీవాడితో చెప్పి పంపు.

ప్రతి ప్రతికీ నంబరు వెయ్యి.
మాట తీసేసిన వాళ్ళ పేరు అంచున ఉండాలి.
అలుగుతారు. అలగనీ.

ప్రమాదాల పట్టికలో
దుమ్ము, చప్పుడు, నూనె ఒలకడం వాళ్ళే రాసుకొస్తారు.
అడుగున నేనొక గడి కలుపుతాను: మన తొందర.
ప్రతిసారీ కొట్టేస్తారు.
చేతిరాత మార్చి మళ్ళీ రాస్తాను.

ఆ కంచెలో ఇప్పుడొక సందు ఉంది.
ఏడేళ్ళు, పదకొండు అర్జీలు, నూట ఇరవై మీటర్లు.
మొన్న వసంతంలో వెళ్ళి
నాలుగు రోజులు జీపులో కూర్చున్నాం.
అవి అటు దాటుతున్నాయో లేదో
ఎవరైనా అడిగితే, ఉన్న మాట ఉన్నట్టు చెప్పు,
ఒక్క అక్షరం రాలనివ్వకుండా:
ఆ నాలుగు రోజుల్లో, ఆ సందు దగ్గర,
మాకు, ఇంకా, కనబడలేదు.