సూది ఇరుక్కున్న ఆదివారం

మామెలోడీలో మా సంఘానికి మూడే నియమాలు.
బూట్లకు పాలిష్ ఉండాలి.
సూది లేచేదాకా ఎవరూ నోరు మెదపకూడదు.
విన్నాక ఏం తోచిందో చెప్పే ఇంటికెళ్ళాలి,
ఏమీ తోచకపోతే అదైనా చెప్పాలి.

చెప్పిందల్లా రాసేది నేను.
పదకొండేళ్ళకి నాలుగు నోటుబుక్కులు,
అట్టల మీద టీ కప్పుల గుండ్రాలు.
ఒక పేజీలో లెసిబా, ట్రంపెట్ గురించి:
"మా మేనమామ అబద్ధమాడే ముందు
ఇలాగే గొంతు సవరించుకునేవాడు."
ఇంకో పేజీలో ఫినియాస్, డ్రమ్ముల గురించి:
"వాన రేకుల మీదికొచ్చింది గానీ లోపలికి రాలేదు."
ఒక పేజీకి తేదీ మాత్రం వేసి వదిలేశాను.
ఆ రోజు సాక్సఫోన్ విని అందరూ బయటికెళ్ళి
గేటు పట్టుకుని నిలబడ్డారు.

ఈ ఆదివారం వంతు డికెలెడిది.
రాత్రి డ్యూటీ దిగి, నిద్రపోకుండా,
నర్సు స్వెటర్‌తోనే ఎర్ర టోపీ పెట్టుకొచ్చింది.
చర్చి వాళ్ళు పాత సామాన్లు అమ్ముతుంటే
పది రాండ్లకు కొన్న రికార్డు,
కవరు మీద విగ్గు పెట్టుకున్న ఎవరో దొర.
"జాజ్ కాదు," అంది ముందే.
"ఒక్క చెల్లో. పక్కవాద్యం లేదు."

ఫినియాస్ తన రెండు రంగుల బూట్ల వంక చూసుకున్నాడు,
పెళ్ళికి పిలిచి భోజనం లేదన్నట్టు.

సూది దిగింది.
ముందు తీగ మీద వెంట్రుకల రాపిడి,
తర్వాతే స్వరం.
మెట్లు దిగుతూ దిగుతూ
ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ పైకి.
మట్సొబానె లేచి వెళ్ళి స్పీకరుకి అరచెయ్యి ఆనించాడు.
రైలు పెట్టెలు తగిలించే పనిలో ముప్పై ఏళ్ళు;
అతని ఎడమ చెవి ఆ యార్డులోనే ఉండిపోయింది.
వంటగదిలో కుండ మూత టకటకమంటుంటే
ఎవరో వెళ్ళి మంట తగ్గించారు.

అప్పుడు ఇరుక్కుంది.
గీత పడ్డ చోట సూది
అదే అరముక్కని మళ్ళీ, మళ్ళీ,
గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునే మనిషిలా
వంగి, లేచి, వంగి, లేచి.
డికెలెడి చెయ్యి చాపింది.
"ఉండనీ."
అన్నది ఫినియాస్.

అతని మడమ అప్పటికే
ఆ అరముక్క వెనకాల ఉన్న ఖాళీని పసిగట్టింది.
ఒక బూటు జారింది, ఒకటి ఆలోచించింది.
మోకాలి ఆపరేషన్ సంగతి మోకాలికే గుర్తు లేదు.
లెసిబా ఈల కలిపాడు.
(తర్వాత కవరు వెనక చదివాను:
ఇవన్నీ ఒకప్పటి నాట్యాల పేర్లేనట.
దొర విగ్గు కింద ఏమనుకున్నాడో మరి.)

ఎంతసేపో చూసుకోలేదు.
చివరికి డికెలెడే
రోగికి మందు పట్టేముందు తల ఎత్తినట్టు
సూదిని ఎత్తి ఒక గీత అవతల దించింది.
పాట మిగతా దారి నడిచి ఆగింది.

నేను పెన్ను తీశాను.
ఫినియాస్: "ఇందులో ఊపు లేదు. గీత పడ్డ చోట తప్ప."
లెసిబా: "ఒక్కడే అన్నారు. గదిలో ఇంకొకడున్నాడు.
వాడు వాయించట్లేదు, వింటున్నాడు."
డికెలెడి: "మూడో వార్డు. తెల్లవారుజాము నాలుగు."
అంతకంటే చెప్పలేదు, మేమూ అడగలేదు.

మట్సొబానె అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు,
రంగు అంటిందేమో అన్నట్టు.
"పెట్టెకి పెట్టె తగిలాక,
కొక్కెం పడే ముందు ఒక్క క్షణం ఉంటుంది."
"తర్వాత?" అన్నాను, తల ఎత్తకుండానే.
"తర్వాత రైలు వెళ్ళిపోతుంది.
నాకు జీతం ఆ క్షణానికే."

రెండో నియమం తప్పినందుకు
ఫినియాస్‌కి ఐదు రాండ్ల జరిమానా వేశాం.
పది ఇచ్చాడు.
చిల్లర అక్కర్లేదన్నాడు,
ఆ రికార్డు వారం రోజులు తన దగ్గర ఉండనిస్తే.