ఎర్ర అక్షరం

మాకు చలికాలం చలితో రాదు.
తడిసిన టపాకాయల వాసనతో వస్తుంది,
తూర్పు నుంచి, ఉప్పు నాలుక చాపుకుంటా.
ఇసకపల్లి కయ్యల్లో ఉప్పు కుప్పల మీద
తాటాకులు కప్పి కూలోళ్లు ఇళ్లకు పోతారు.
నా డ్రైవింగ్ స్కూలుక్కూడా అప్పుడే సెలవు.
స్కూలంటే ఏముంది,
ఒక మారుతీ ఎనిమిదొందలు, రెండు బ్రేకులు, నేను.

పోయినేడు భయపడి గట్టిగా మూశాను.
రొయ్యల మేత గోడౌను అద్దెకు తీసుకుని
కిటికీ సందుల్లో గోనెలు కుక్కి
ప్లాస్టిక్ కవరు తొడిగి, తాడు బిగించి
బాలింతను దాచినట్టు దాచి తాళమేశాను.
ఇరవై రెండు రోజులు.
బయటి వాన ఒక్క చుక్క లోపలికి రాలేదు.
లోపలి చెమ్మ ఒక్క చుక్క బయటికి పోలేదు.

కవరు ఎత్తితే దాని కడుపునిండా నీళ్లు,
అన్నం గిన్నె మీద మూత తీసినట్టు.
మ్యాటు ఎత్తితే
ఎర్రగా, పెచ్చులు పెచ్చులుగా,
నా కాలుండే చోటే, నా బ్రేకు కింద.
నేర్చుకునేవాళ్ల వైపు రేకు చెక్కుచెదరలేదు.
తడి చెప్పులతో రోజుకు పదిసార్లు ఎక్కి దిగేది నేనే కదా.

ఖాజావలీ వంగి, స్క్రూడ్రైవరు పిడితో తట్టి విన్నాడు
పుచ్చకాయ బేరమాడే మనిషిలాగా.
"ఏందక్కా,
వానకు దొరక్కుండా బండిని దాచావా,
బండిలో వానను దాచావా?"

ఈ ఏడు అతను చెప్పినట్టే.
ముందు నీళ్లు. బోరు నీళ్లు కాదు, మా బోరూ ఉప్పే.
అల్లూరు నుంచి మంచినీళ్లు, క్యాన్లు ఆరు,
పొట్ట కింద, చక్రాల గూళ్లలో,
బురద అట్టకట్టిన ప్రతి మూలకీ.
తర్వాత ఎండ.
రెండు వాయుగుండాల మధ్య ఒకే ఒక్క మంగళవారం దొరికింది.
తలుపులన్నీ తెరిచి నిలబెట్టాను.
గట్టు మీద రెక్కలారబెట్టుకునే నీటికాకి మాదిరి ఉండింది.

తలుపుల అడుగున సన్నటి బెజ్జాలుంటాయని
పదకొండేళ్లుగా నాకు తెలీదు.
అద్దం పక్కన జారిన నీళ్లు పోయే దారంట అది.
జడపిన్నుతో తోడితే
మట్టి, వేపాకు ఈనెలు,
కావలి బస్సు టికెట్టు ముక్క ఒకటి.
ఎవరిదో. ఏ భయంలో నలిపి అద్దం సందున వదిలేశారో.

వాడేసిన ఇంజనాయిలు బ్రష్షుతో అడుగంతా పూశాను,
బ్రేకుల మీద పడకుండా.
పడితే ఇక నేర్పేదేం లేదు.
బ్యాటరీ తీగ ఒకటి విప్పాను.
చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి హ్యాండ్‌బ్రేకు వదిలేశాను,
పట్టేసి ఉంచితే అట్టాగే అతుక్కుపోతుందంట.
ఆపితే హ్యాండ్‌బ్రేకు, ఆపితే హ్యాండ్‌బ్రేకు అని
ఎంతమంది తొడ మీద గిల్లి చెప్పానో,
ఆ మాట ఈ నెల నేనే తప్పాను.

కవరు లేదు. ఉతికి ఉతికి దోమతెరైన
వెంకటగిరి నూలు చీరలు రెండు కలిపి కుట్టాను.
గోనెలు పీకేశాను.
మూలన చట్టిలో రాతి సున్నం పెట్టాను.
వారానికి రాళ్లు పొంగి పిండైనాయి,
అన్ని రోజులూ గాలిలో తడి తాగి.

నిన్న రాత్రి గాలివాన.
టార్చి తీసుకుని పోయాను, నిద్రపట్టక.
చీర లేచి ఆగుతా ఉంది, ఆగి లేస్తా ఉంది.
మ్యాటు కింద అరచెయ్యి పెట్టి చూశాను. పొడి.

అప్పుడే మీరాబీ ఫోను.
"అక్కా, బండి ఎప్పుడు తీస్తావు?
రివర్సు మర్చిపోతానేమోనని
మంచం మీద కూర్చుని స్టీరింగు తిప్పతన్నా."
నవ్వాను. పొంగలెళ్లాక రమ్మన్నాను.

వెనక అద్దం మీద ఎల్ అక్షరం ఒక పక్క పెచ్చులేచింది.
గుండె ఒక్కసారి జారింది.
గోటితో గీకాను, వాసన చూశాను.
రంగే.