పడుగుపాడు సిగ్నల్ దగ్గర

పినాకిని నెల్లూరొచ్చేసరికి
ఇంకా తెల్లారదు.
ట్రంకు రోడ్డు మీద దోసెల పెనం కూడా
మొదటి నీళ్ళు చల్లించుకోని వేళ.
సంచిలో ఫైలు, ఫైలు మీద టిఫిన్ డబ్బా.
డబ్బా మూత వదులు.
మూడో పేజీ మీద ఆర్నెల్ల కిందటి చేపల పులుసు మరక
అట్లనే ఉంది.
ఎవరన్నా ఆ పేజీ దాకా వచ్చుంటే
ఇదేందమ్మా అని అడిగుండేవాళ్ళు.

కాకుటూరు క్యాంపస్‌లో
గంటకింతని సముద్రం పాఠాలు చెబుతాను.
గెస్ట్ ఫ్యాకల్టీ అంటారు.
పదకొండు నెలలుగా
విస్తరి వెయ్యని ఇంట్లో అతిథిని.

రాజధానికి పొయ్యేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు,
తిరిగొచ్చేటప్పుడు ఎడమచేతి వైపు.
ఎటు కూర్చున్నా కనపడదు.
బిట్రగుంట పాత క్వార్టర్లకు కిటికీలు పోయాయి,
వేపచెట్లు మిగిలాయి.
తెట్టు, ఉలవపాడు, టంగుటూరు,
నిద్రలో ఎవరో భుజం తట్టి చెబుతున్నట్టు ఊళ్ళు.
చినగంజాం దగ్గర మాత్రం మెలకువొస్తుంది.
సముద్రాన్ని కయ్యల్లో నిలబెట్టి,
ఎండగట్టి,
గుట్టలు పోసి తాటాకు కప్పారు.
నా సబ్జెక్టు
ఇక్కడ మూటల లెక్కన అమ్ముతారు.

బెజవాడలో దిగి, బస్సెక్కి,
వెలగపూడిలో పాసు కోసం నిలబడి,
ఫోటో తీసే అబ్బాయి "నవ్వకండి" అంటే
నవ్వొచ్చింది.
సెక్షన్ ఆఫీసరు మారాడు.
కొత్తాయన మంచోడు, నీళ్ళిచ్చాడు.
ఫైనాన్సులో ఉందమ్మా అన్నాడు.
పోయినసారి లా డిపార్ట్‌మెంటులో ఉంది.
అంతకు ముందు, మీ యూనివర్సిటీలోనే చూసుకోండన్నారు.
నాకన్నా నా ఫైలే ఎక్కువ తిరుగుతోంది,
అదీ టికెట్ లేకుండా.

సింగరాయకొండలో ఎక్కాడు మాలకొండయ్య,
రిటైరైన గ్యాంగుమేను.
కూతురు కాన్పుకని నెల్లూరు పోతున్నాడు,
ఒళ్ళో సపోటాల సంచి.
"యాడికి పోయొస్తుండావమ్మా?"
"రాజధానికి."
"పనయిందా?"
సంచిని కాళ్ళ కిందికి జరుపుకున్నాను.
ఆయన ఇంకేం అడగలేదు.

పడుగుపాడులో బండి ఆగింది.
పెన్నకవతల నెల్లూరు లైట్లు.
బోగీలో అందరూ ఫోన్లలో ఒకటే మాట:
వచ్చేశా, వచ్చేశా, అన్నం పెట్టు.
అరగంటయింది.
మాలకొండయ్య కిటికీలోంచి చెయ్యి చాపి
చీకటిని చూపించాడు.
"ఆ వరదేడు ఈడ్నే కట్ట తెగింది.
పట్టాలు పట్టాల మాదిరే ఉండె.
కింద మన్నే లేదు.
ఉయ్యాల మాదిరి ఏలాడతా ఉండె.
చూసినోళ్ళకి
బండి పోవచ్చులే అనిపిచ్చేది."
కంకర పోసి పోసి అరచేతులు ఊడొచ్చాయన్నాడు.
అరచేతులు చూపించలేదు.

సపోటా రెండుగా చీల్చి నాకు సగమిచ్చాడు.
గింజలు ఎక్కడ వెయ్యాలో తెలీక
చేతికందిన కాగితం పట్టాను.
విజిటర్ పాసు.
నవ్వీ నవ్వని నా మొహం మీద
నల్లటి గింజలు మూడు, జిగటగా.

రేపు తొమ్మిదింటికి క్లాసు.
పోటూ పాటూ చెప్పాలి, ఇంకా చదువుకోలేదు.
పిల్లలు అడుగుతారు,
నీళ్ళు వెనక్కి పోయినప్పుడు
ఎక్కడికి పోతాయి మేడమ్ అని.
ఏటేటా ఎవరో ఒకరు అడుగుతారు.

కదిలింది.
వంతెన మీద చక్రాల మోత మారింది.
పెన్నలో నీళ్ళున్నాయో లేదో
చీకట్లో కనపడలేదు.
"శబ్దాన్ని బట్టి చెప్పొచ్చు" అన్నాడు మాలకొండయ్య.
"నీళ్ళుంటే ఒక మాదిరి, ఇసకైతే ఇంకో మాదిరి."
కిటికీ ఊచలకు
చెవి ఆనించాను.