రెండు మలుపుల రూటు

వారాసిగూడలో అరవై గజాల జాగా మాది.
అంత జాగాలో మెట్లు తిన్నగా పోవు.
సాయన్న మేస్త్రి సుద్దముక్కతో గోడమీద గీసి
"ఇక్కడొకటి, అక్కడొకటి. మూడో మలుపు అడగొద్దు" అన్నాడు.
పద్నాలుగు మెట్లు.
ఎడమకి, మళ్లీ ఎడమకి,
ఇరుకు గల్లీలో బస్సు తిప్పినట్టు.

బస్సు తిప్పింది నేను.
ఇంకో బస్సులో, ఒక్కోసారి నా బస్సులోనే,
నిలబడి టికెట్లు కొట్టింది బాలామణి.
ఇరవై మూడేళ్లు.
"లేవండి సార్, అది లేడీస్ సీటు" అని
ఎందరికి సీటు ఇప్పించిందో!
తను కూర్చున్నది మాత్రం
ఆఖరి ట్రిప్పులో, చిల్లర లెక్క కోసం.

మోకాళ్లు ఆ లెక్కంతా రాసిపెట్టుకున్నాయి.

పద్నాలుగు నెలలు కింది గదిలోనే ఉంది,
ఫ్రిజ్ పక్కన దివాన్ మీద.
పైన ఆమె మంచం, ఆమె కిటికీ,
డాబా మీద నీలం పెయింటు డబ్బాలో కరివేపాకు చెట్టు.
"కరివేపాకు ఎట్లుంది?" అనేది పొద్దున్నే.
"మంచిగుంది" అనేవాణ్ణి.

ఇల్లమ్మి ఫ్లాటు కొనుక్కోమన్నారు అందరూ,
లిఫ్టుంటదట.
"నేను ఎక్కాల్సింది రెండు మలుపులు,
దానికి బస్తీ ఎందుకు మార్చాలె?" అంది.

ఖలీల్ అనే పిల్లగాడు వచ్చి
మెట్టుమెట్టుకీ చుక్కల కాగితాలు అంటించి ఫోటోలు తీశాడు.
"ఈ పట్టా మీ మెట్లకోసమే వంచుతారు చాచా,
ఇంకో ఇంటికి పట్టదు."
జాకెట్టు కొలతలిచ్చినట్టు కూర్చుని చూసింది ఆమె.
"గోడ పగలగొడతారా?"
"మెట్లకే బిగిస్తాం."
"కరెంటు పోతే?"
"బ్యాటరీ ఉంది చాచా."
ఖర్చు ఎంతో ఇక్కడ చెప్పను.
ఆమె పీఎఫ్, నా పీఎఫ్
ఒకే సీట్లో పక్కపక్కన కూర్చున్నాయి, అంతే.

ఏడు వారాలకి నాలుగు ముక్కలుగా వచ్చింది,
బొంతల్లో చుట్టుకుని.
సాయంత్రానికి బిగించారు.
గోడమీద క్యాలెండర్ కూడా కదల్లేదు.

బెల్టు పెట్టుకుంది. ఒళ్లో టిఫిన్ డబ్బా, కళ్లద్దాలు, ఫోను.
మీట మీద వేలు పెట్టి
నొక్కకుండా నావైపు చూసింది.
అప్పుడర్థమైంది.
"రైట్... రైట్" అన్నాను.
బతుకంతా ఆమె అంటే నేను కదిలాను.

మొదటి మలుపులో
ఆమె చెయ్యి దానంతటదే లేచింది,
పైన లేని రాడ్డు కోసం.

ఏడో మెట్టు దగ్గర కుర్చీ ఆగిపోయింది.
నా చెప్పు.
"రూటు మీద ఇదేంది?"
ఇరవై మూడేళ్ల గొంతు, అదే గొంతు.
తీశాను. కదిలింది.
వెనకే ఒక్కో మెట్టు ఎక్కాను,
ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాడిలా.

పైన కుర్చీ తిరిగి ఆమెని మెట్లకి దూరంగా దించింది.
మంచం ముట్టుకుంది. కిటికీ తీసింది.
నేనిక ఏదో ఒకటి మాట్లాడాలి అనుకునేలోపే
డాబా తలుపు గడియ చప్పుడు.

నీలం డబ్బాలో
ఒక ఎండుపుల్ల.

టికెట్ లేనివాణ్ణి చెకింగులో పట్టుకున్నట్టు చూసింది.
"ఎన్ని నెలలైంది?"
"ఎండాకాలంల."
ఫైన్ రాయలేదు.
"రేపు కొత్తది పట్టుకరా. నీళ్లు నేను పోస్త."

ఇప్పుడు రోజుకి ఐదారు ట్రిప్పులు.
కుర్చీ మడిచిపెడితే మెట్లు మళ్లీ మెట్లే,
గ్యాస్ సిలిండర్ అబ్బాయి తగలకుండా ఎక్కిపోతాడు.
పక్కింటి పిల్ల మాత్రం రోజూ ఒక రౌండు అడుగుతుంది,
హాఫ్ టికెట్టు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
వీధంతా చీకటి. దివాన్ మీద పడుకుని ఉన్నాను.
సన్నగా ఒక గుర్రుమనే చప్పుడు
నా తల దగ్గర మొదలై, వంగి, మళ్లీ వంగి,
పైకి పోయింది.
చెంబులో నీళ్లు తొణికిన చప్పుడు.
నేనేమీ అనలేదు.
"రైట్ రైట్" అని తనకి తానే అనుకుంది.