నిండు సీసా

కనిగిరిలో పామూరు రోడ్డు మీద నీళ్ల ప్లాంటు.
పొద్దున ఆరింటి నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు
కుళాయి కింద పెట్టి తీసేదాన్ని నేను.
సగం ఊరు తాగే నీళ్లు నా చేతి మీదుగా పోతాయి.
మా కోమలి సీసా మాత్రం
బడికి ఎంత బరువుతో పోయిందో
అంతే బరువుతో ఇంటికొచ్చేది.

తొమ్మిదో తరగతి. ఫిబ్రవరికే రోళ్లు పగిలే ఎండ.
పెదాల మీద పొరలు, తలనొప్పని పడక.
ఒంటికి పోతే మంటమ్మా అని
చీకట్లో, అటు తిరిగి, ఒక్కసారి చెప్పింది.
తిట్టాను. ఒట్టు పెట్టించుకున్నాను.
ఆశా అక్క వచ్చి గ్లాసుల లెక్క వేళ్ల మీద చెప్పింది.
తలూపింది.
తలూపడం దానికి బాగా వచ్చు.

బాత్రూముకు పోవాలంటే
పదో తరగతి మగపిల్లల వరండా దాటాలంట.
ఎవడో ఒకడు "రెండు" అంటాడంట.
మళ్లీ పోతే "మూడు".
అంతే. చెయ్యి పట్టుకోలేదు, రాయి విసరలేదు.
ఒక్క అంకె.
దానికి జడిసి నా బిడ్డ గొంతు ఎండబెట్టుకుంది.

పోయిన వారం నుంచి సీసా ఖాళీగా వస్తా ఉంది.
నా ఒట్టు కాదు, ఆశా అక్క వేళ్లూ కాదు.
దిల్షాద్ అని కొత్తగా చేరిన పిల్ల.
నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వే ఊళ్లో
బోరు నీళ్లు మరకలేసిన పళ్లన్నీ బయటేసి నవ్వుతుందంట.
బెంచీ బెంచీనే లేపి, "పదండే" అని
వరండా నడిమధ్య నుంచి నడిపించి
"లెక్కేసుకోరా, ఐదు!" అందంట.

సంతోషమే.
కాస్త కడుపుమంట కూడా, అబద్ధమెందుకు.
పద్నాలుగేళ్లు చెప్పిన నా మాట
పదిరోజుల నేస్తం ముందు చెల్లలేదు.

రాత్రి అన్నం దగ్గర అడిగాను,
నాతో ముందే చెప్పొచ్చు గదే అని.
మజ్జిగ కలుపుకుంటా, తలెత్తకుండానే అంది:
"నువ్వూ ప్లాంట్లో తాగవుగా."

ప్లాంటులో ఆడవాళ్లకు మరుగు లేదు.
ఓనరుతో అనాలని ఏడేళ్లుగా అనుకుంటానే ఉన్నా.
పొద్దుగూకి ఇంటికొచ్చి
నిలబడే రెండు చెంబులు తాగేదాన్ని.
చాప మీద హోంవర్కు రాసుకుంటా
అది చూస్తానే పెరిగింది కాబోలు.

ఈ పొద్దు మూడో క్యాను పక్కకు జరిపి
ధార కింద దోసిలి పట్టాను.
చల్లగా ఉన్నాయి. తాగాను.
ఓనరు బండి ఇంకా రాలేదు.
గేటు వైపే చూస్తా నిలబడ్డాను,
నోట్లో మాటను అటూ ఇటూ తిప్పుకుంటా.